187 నిమిషముల మౌనము

ధ్యాన భాగములు: అపొస్తలుల కార్యములు 19:23–41, 1 సమూయేలు 2, 3 అధ్యాయములు, దానియేలు 6వ అధ్యాయము



187 నిమిషములనగా మూడు గంటల ఏడు నిమిషములు. మన సంఘములలో సంస్కారపు ఆదివారమున సైతము, పాటలు, ప్రకటనలు, చందాల లెక్కలు అన్నియు కలిపినను ఆరాధన అంతసేపు సాగదు. సాగినయెడల వెనుక బల్లల మీదివారు గడియారము వంక చూడ మొదలుపెట్టుదురు. అట్టి 187 నిమిషములలో ఎక్కువసేపు ఒక మనుష్యుడు తన భోజనపు గదిలో టెలివిజను ఎదుట కూర్చుండెననియు, తన మాట వినువారు ఒక గొప్ప భవనపు తలుపులు పగులగొట్టుచుండుట చూచుచును, ఇక చాలును, ఇండ్లకు పొండని చెప్పక యుండెననియు అమెరికా దేశపు చట్టసభవారి విచారణలో 2022 జూలై 21వ తేదీ రాత్రి సాక్ష్యము వచ్చినది. ఆ మనుష్యుడు అప్పటి దేశాధ్యక్షుడైన డోనాల్డ్ ట్రంప్ గారు. ఆ భవనము ఆ దేశపు చట్టసభ కూడుకొను క్యాపిటల్ భవనము. ఆ దినము 2021 జనవరి 6.

దూరదేశపు రాజకీయము మన సంఘ పత్రికలో నెందుకని కొందరు పెద్దలు అడుగవచ్చును. ఆ పక్షము మంచిదా, ఈ పక్షము మంచిదా యని తేల్చుటకు నేను వ్రాయుట లేదు. అయితే ఆ విచారణలో వచ్చిన సాక్ష్యములు చదివినప్పటినుండి ఒక ప్రశ్న నన్ను విడువక వెంబడించుచున్నది. చేతితో కొట్టినవాని నేరము అందరికిని కనబడును. ఒక్క మాటతో ఆ దెబ్బలను ఆపగలిగియుండి ఆపనివాని సంగతి ఏమి? ఊరకుండుట కూడ ఒక క్రియయేనా? ఇంటి తండ్రి మొదలుకొని సంఘ కాపరివరకు, పెద్దరికముగల ప్రతివాడును ఏదో యొక దినమున ఈ ప్రశ్న యెదుట నిలువవలసినవాడే.

ముందుగా జరిగిన సంగతి చెప్పవలెను. 2020 నవంబరు 3న అమెరికాలో అధ్యక్ష ఎన్నిక జరిగినది. జో బైడెన్ గారికి 306 ఎలక్టొరల్ వోట్లును, ట్రంప్ గారికి 232 వోట్లును వచ్చినవి. ఎన్నికలో మోసము జరిగినదని ట్రంప్ గారును వారి పక్షమువారును 60కి పైగా వ్యాజ్యములు వేసిరి. ఇంచుమించు అన్నియు ఓడిపోయినవి. వారి దేశపు పద్ధతి ప్రకారము జనవరి 6న రెండు సభలవారును కూడి, ఉపాధ్యక్షుని అధ్యక్షతన ఆ వోట్లను లెక్కించుదురు. ఆ రెండు సభలకును కలిపి కాంగ్రెసు అని పేరు. మన దేశపు పార్టీ పేరుతో దీనిని కలిపివేయకుడి. ఉపాధ్యక్షుడైన మైక్ పెన్స్ గారు ట్రంప్ గారితో కలిసి నాలుగేండ్లు పనిచేసినవారే. లెక్కను అడ్డగింపుమని అధ్యక్షుడు ఆయనను ఒత్తిడి చేసెను. అట్టి అధికారము చట్టము తనకు ఇయ్యలేదని ఆయన ఒప్పుకొనలేదు.

ఆ దినమున అధ్యక్షుడు వైట్ హౌస్ దగ్గరి మైదానములో వేలకొలది జనుల యెదుట మాటలాడి, క్యాపిటల్ వైపునకు నడువుడని చెప్పి, మధ్యాహ్నము 1 గంట 10 నిమిషములకు ప్రసంగము ముగించెను. 2 గంటల 13 నిమిషములకు అల్లరిమూక కిటికీ పగులగొట్టి భవనములో చొరబడెను. ఇండ్లకు వెళ్లుడని అధ్యక్షుడు చెప్పిన వీడియో 4 గంటల 17 నిమిషములకు గాని వెలువడలేదు. ప్రసంగము ముగియుటకును ఈ వీడియోకును నడుమనున్న కాలమే ఆ 187 నిమిషములు. మనకప్పుడు అర్ధరాత్రి. బిడ్డలు ఆ దేశములో నున్న తల్లిదండ్రులు కొందరు ఆ రాత్రి నిద్ర లేకుండ ఫోను చేతపట్టుకొని కూర్చుండిరని తరువాత వింటిని.

ఈ సంగతిని విచారించుటకు ప్రతినిధుల సభ 2021 జూన్ 30న 222 వోట్లతో ఒక కమిటీని నియమించెను. 190 మంది వలదనిరి. మిసిసిపీ రాష్ట్రమునకు చెందిన బెన్నీ థామ్సన్ గారు దానికి అధ్యక్షులు. వ్యోమింగ్ రాష్ట్రమునకు చెందిన లిజ్ చేనీ గారు ఉపాధ్యక్షురాలు. వేయిమందికి పైగా సాక్షులను వారు విచారించిరి. 2022 జూన్ 9న మొదలుపెట్టి ఆ సంవత్సరాంతమువరకు దేశమంతయు చూచునట్లు బహిరంగముగా కూడుచు వచ్చిరి. మొదటి రాత్రి ఆ విచారణను సుమారు 2 కోట్ల మంది టెలివిజనులో చూచిరి.

ఈ కమిటీలో లోపము లేదని నేను చెప్పను. తొమ్మండుగురు సభ్యులలో ఏడుగురు డెమొక్రాట్లు; రిపబ్లికన్లు ఇద్దరే, ఆ యిద్దరును ట్రంప్ గారికి ఎదురు తిరిగినవారే. ఎదుటి పక్షపు నాయకుడు సూచించిన ఇద్దరిని సభాపతి త్రోసిపుచ్చగా, ఆ నాయకుడు తక్కినవారిని కూడ ఉపసంహరించుకొనెను. అందుచేత సాక్షులను ఎదురు ప్రశ్నలు వేయువాడు అక్కడ లేకపోయెను. ఒక మనుష్యుని మాట వినకమునుపే అతనికి తీర్పు తీర్చుట ధర్మశాస్త్రమునకు తగునా యని నీకొదేము పరిసయ్యులను అడిగిన ప్రశ్న ఇక్కడను అడుగదగినదే. అయితే అడిగిన పిమ్మట దానికి వచ్చు జవాబును కూడ చూడవలెను. 2022 అక్టోబరులో కమిటీవారు ట్రంప్ గారికి సమను పంపిరి. ఆయన దానిమీద వ్యాజ్యము వేసెను గాని వచ్చి సాక్ష్యమియ్యలేదు. మరియు అక్కడ నిలిచి ముఖ్యమైన సంగతులు చెప్పినవారు ఆయన విరోధులు కారు. ఆయన నియమించినవారు, ఆయన జీతము తినినవారు, ఆయనకు వోటు వేసినవారు. పరాయివాడు చెప్పిన మాటకంటె ఇంటివాడు చెప్పిన మాట ఎక్కువ బరువుగలదని మన పల్లెలలో తగవు తీర్చు పెద్దలకును తెలియును.

జూలై 21వ తేదీ రాత్రి విచారణ ఈ మూడు గంటలను గూర్చియే. జాతీయ భద్రతా శాఖలో అధ్యక్షుని క్రింద పనిచేసిన మాథ్యూ పాటింజర్ గారును, పత్రికల విభాగములో పనిచేసిన సారా మాథ్యూస్ అను యువతియు ఎదుట కూర్చుండి సాక్ష్యమిచ్చిరి. అధ్యక్షుని న్యాయవాది పాట్ సిపొలోన్ గారి సాక్ష్యమును వీడియోలో చూపించిరి. భోజనపు గదినుండి పత్రికలవారి గదికి నడచిపోవుటకు 60 సెకండ్లు కూడ పట్టదని మాథ్యూస్ చెప్పెను. కెమెరాలు అక్కడ ఎల్లప్పుడు సిద్ధముగా నుండును. అధ్యక్షుడు తలచినయెడల నిమిషములలో దేశమంతటితోను మాటలాడియుండును.

అరవై సెకండ్లు! మన ప్రార్థనా మందిరపు గుమ్మమునుండి బావివరకు నడచు కాలము.

జనులు ఆ భవనమునుండి వెళ్లిపోవలెనని ఆ దినమున వైట్ హౌస్‌లో కోరనివారెవరైన కలరా యని సిపొలోన్ గారిని అడిగిరి. పనివారిలో అట్టివాడొక్కడును తన మనస్సునకు తట్టుట లేదని ఆయన చెప్పెను. మరి అధ్యక్షుని సంగతియో యని అడుగగా ఆయన ఆగిపోయి, అధ్యక్షునితో తాను మాటలాడిన మాటలు బయట పెట్టరాదనెను. న్యాయవాదిగా అది ఆయన ధర్మము కావచ్చును. నేను ఆ జవాబును పలుమారు చదివితిని.

అధ్యక్షుడు ఆ సమయములో పూర్తిగా మౌనముగా నుండెననుటయు సరికాదు. 2 గంటల 24 నిమిషములకు, మూక లోపలికి చొచ్చిన పిమ్మట, ఉపాధ్యక్షునికి ధైర్యము లేకపోయెనని ట్విట్టరులో వ్రాసెను. ఆ వేళకు బయట ఉరికొయ్య యొకటి నిలువబెట్టబడి యుండెను. పెన్స్‌ను ఉరితీయవలెనని గుంపులో కేకలు వేయుచుండిరి. ఉపాధ్యక్షుని తప్పించి తీసికొనిపోవునప్పుడు ఆయనకును ఆ మూకకును నడుమ దూరము సుమారు 40 అడుగులని కమిటీవారు చూపించిరి. ఆయనను కాయుచున్న భటులలో కొందరు తాము బ్రదుకమనుకొని తమ యింటివారికి కడపటి మాటలు చెప్పుచుండిరని, పేరు వెల్లడింపబడని యొక భద్రతాధికారి సాక్ష్యమిచ్చెను. 2.24 నాటి ఆ మాట అగ్నిలో చమురు పోసినట్లున్నదని మాథ్యూస్ చెప్పెను. పాటింజర్ గారు దానిని చదివిన గడియలోనే తన ఉద్యోగము మానుకొనుటకు తీర్మానించుకొనిరి.

ఆయన పక్షమువారు చెప్పు మాటలును వినవలెను. మధ్యాహ్నపు ప్రసంగములోనే సమాధానముగా వెళ్లుడని ఆయన ఒకమారు చెప్పియుండెను. 2.38కిని, 3.13కిని సమాధానముగా నుండుడని ట్విట్టరులో వ్రాసెను. భవనపు కావలి వేరే అధికారులది. ఇవన్నియు నిజములే. అయినను ఆ రెండు ట్వీట్లలోను, భవనము విడిచి వెళ్లుడను మాట లేదు. ఇంటిలోనికి దొంగలు చొరబడినప్పుడు, నెమ్మదిగా నుండుడని చెప్పుట వేరు, బయటికి నడువుడని చెప్పుట వేరు.

ఇక్కడ నాకు ఏలీ జ్ఞాపకము వచ్చుచున్నాడు. హొఫ్నీ, ఫీనెహాసులు షిలోహు మందిరములో చేసిన దుర్మార్గము ఆయన చెవిని పడినప్పుడు ఆయన మౌనముగా నుండలేదు. కుమారులను పిలిచి మెత్తగా మందలించెను. చదివినవారికి అది తండ్రి మాటవలెనే యుండును. అయినను దేవుడు సమూయేలుతో మాటలాడినప్పుడు ఏలీ మీద మోపిన నేరము, మందలింపలేదని కాదు, అడ్డగింపలేదని. ఆ సంగతి మొదటి సమూయేలు 3:13లో నున్నది. ఆ సంఖ్యయు పైన చెప్పిన 3.13 సమయమును ఒకటే యగుట కేవలము కాకతాళీయము. దానిలో మర్మమేదియు వెదకవద్దు. అయితే అధికారము చేతనున్నవాడు చెప్పవలసిన మాటకును, చెప్పితిననిపించుకొను మాటకును భేదము కలదని ఆ వచనమువలన తెలియుచున్నది.

అధ్యక్షుని మాటకు ఆ గుంపు లోబడియుండునా? ఈ ప్రశ్నకు జవాబు గొప్పవారినుండి రాలేదు. జూలై 12న స్టీఫెన్ ఐర్స్ అను ఒహాయో రాష్ట్రమువాడు సాక్షిగా వచ్చెను. చెక్క అరలు, బీరువాలు చేయు కంపెనీలో సుమారు ఇరువది యేండ్లు పనిచేసినవాడు, భార్యాబిడ్డలుగల సంసారి. అధ్యక్షుడు పిలిచెను గనుక వాషింగ్టన్‌నకు వెళ్లితిననియు, ఎన్నిక దొంగిలించబడినదని ఆయన చెప్పిన మాట నమ్మితిననియు ఒప్పుకొనెను. ఆ భవనములోనికి వెళ్లినందుకు ఉద్యోగము పోయెను, ఇల్లు అమ్ముకొనెను. నీవు ఎప్పుడు బయటికి వచ్చితివని అడుగగా, వెళ్లుడని అధ్యక్షుని మాట రాగానే తానును చుట్టునున్నవారును కదలిపోయితిమని చెప్పెను. ఆ మాట ముందే వచ్చియుండినయెడల సంగతి ఇంతవరకు రాకపోయెడిదేమో యనియు చెప్పెను.

సహోదరులారా, ఆ నిరాడంబరమైన సాక్ష్యము నన్ను తాకినంతగా పండితుల మాటలేవియు తాకలేదు. మాట పడినది, మనుష్యులు కదలిరి.

అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో మరియొక అల్లరి కలదు. ఎఫెసులో వెండి పనివాడైన దేమేత్రియ తన వృత్తికి నష్టము వచ్చుచున్నదని పనివారిని రేపగా, పట్టణమంతయు నాటకశాలలోనికి దొమ్మిగా పోయెను. వారిలో ఎక్కువమందికి తామెందుకు వచ్చిరో తెలియనే తెలియదని లూకా వ్రాసియున్నాడు; అల్లరులను చూచినవాడే ఆ మాట వ్రాయగలడు. రెండు గంటలసేపు తమ దేవిపేర కేకలు వేసిరి. అప్పుడు ఒకడు లేచెను. మన తెలుగు బైబిలులో ఆయనను కరణమని చెప్పియున్నారు. కరణముల ఉద్యోగములు మన రాష్ట్రములో 1984లో పోయినవి గాని, కరణము లేచి నిలిచి మాటలాడినయెడల ఊరు ఎట్లుండెడిదో మన వృద్ధులకు తెలియును.

ఈ కరణము క్రైస్తవుడు కాడు. ఆ గుంపు నమ్మిన దేవినే ఆయనయు నమ్మెను. తన మాటలో అదియే ముందు చెప్పెను. అనగా ఆ గుంపు ఆయన మనుష్యులే. పౌలు ఆయనకు ఏమియు కాడు. అయినను, ఫిర్యాదు ఉన్నయెడల న్యాయసభలు తెరచియున్నవి, అధిపతులున్నారు, అక్కడికి పొండు; ఈ దినపు అల్లరికి కారణము చెప్పలేక మనమే దోషులమగుదుము అను భావముతో మాటలాడి, సభను చాలించి పంపివేసెను. న్యాయసభలు తెరచియుండుటయే కాదు, అమెరికాలో 60 పర్యాయములకు పైగా ఆ న్యాయసభలలోనికి వెళ్లి రావడమును అయిపోయెను. ఎఫెసు కరణము చేసిన పనిని చేయుటకు ఆ దినమున వైట్ హౌస్‌లో కావలసినది 60 సెకండ్ల నడక.

మరియొక సంగతి క్రైస్తవులమైన మనము మరుగుచేయరాదు. ఆ గుంపులో సిలువలు కనబడెను. యేసు నామము వ్రాసిన జెండాలు కనబడెను. సెనెటు సభామందిరములో చొరబడినవారు అధ్యక్ష పీఠము దగ్గర నిలిచి ప్రార్థన చేసిరి. అదే భవనపు అడుగుభాగమున, ఉపాధ్యక్షునితో దాగియున్న ఆయన న్యాయవాది గ్రెగ్ జేకబ్ గారు తన బైబిలు తెరచి దానియేలు 6వ అధ్యాయము చదువుకొనుచుండిరి. తన విశ్వాసమే ఆ దినమున తన్ను నిలువబెట్టినదని ఆయన జూన్ 16న కమిటీ యెదుట చెప్పెను. ఒకే పైకప్పు క్రింద, ఒకే గంటలో, దేవుని పేరు ఈ రెండు విధములుగా వాడబడెను. దీనినిగూర్చి ఎంతైనను వ్రాయవచ్చును గాని ప్రస్తుతము ఆ అధ్యాయమునే చూతము.

ఆ అధ్యాయమనగానే మనము దానియేలును, సింహములను తలంచుదుము. రాజైన దర్యావేషును తలంచువారు తక్కువ. ఆయన బుద్ధిహీనతచేత చెడ్డ శాసనము మీద సంతకము చేసెను. దాని ఫలితము కనబడినప్పుడు, దానియేలును తప్పించుటకు సూర్యుడు అస్తమించువరకు ప్రయాసపడెను. తాను చేసిన శాసనమే తనకు అడ్డమాయెను. ఆ రాత్రి భోజనము లేదు, వాద్యములు లేవు, నిద్ర లేదు. తెల్లవారగానే గుహయొద్దకు పరుగెత్తి దుఃఖస్వరముతో పిలిచెను. దర్యావేషు చేతులు కట్టబడియుండెను, మనస్సు మేలుకొనియుండెను. 2021 జనవరి 6న అధ్యక్షుని చేతులు ఏ చట్టమును కట్టలేదు. చట్టములు నమ్మకముగా అమలు జరుగునట్లు చూచుటయే ఆయన పదవికి ఆ దేశపు రాజ్యాంగము పెట్టిన పని. ఉపాధ్యక్షుడు దాగియున్న చోటినుండి సైన్యాధికారులకు ఫోను చేసి సహాయము పంపుడని గట్టిగా చెప్పెనని సేనాధిపతి మిల్లీ గారు సాక్ష్యమిచ్చిరి. అధ్యక్షునినుండి అట్టి పిలుపు రాలేదనియు చెప్పిరి.

ఇప్పుడొక అభ్యంతరము వచ్చును. మౌనమంతయు పాపమేనా? మన ప్రభువు హేరోదు ఎదుట ఒక్క మాట పలుకలేదు. పిలాతు ఆశ్చర్యపడునంతగా ఊరకుండెను. మాటలాడనివారినందరిని దోషులనినయెడల ప్రభువు నేమందుము? ఈ చిక్కు నన్ను చాలదినములు ఆపివేసెను. చివరకు నాకు తోచినది ఇది: మౌనమును చూచి మౌనమును తూచరాదు; దాని వెల ఎవరు చెల్లించిరో చూడవలెను. ప్రభువు ఊరకుండినప్పుడు కొరడాదెబ్బలు తన వీపుమీదనే పడెను. ఏలీ ఊరకుండినప్పుడు బలులు తెచ్చిన పేదలును, ద్వారమునొద్ద సేవచేయు స్త్రీలును చెల్లించిరి. కొరింథులో గల్లియోను న్యాయపీఠము మీద కూర్చుండి తనకేమియు పట్టనట్లుండగా, దెబ్బలు సొస్తెనేసు తినెను.

క్యాపిటల్‌లో ఎవరు చెల్లించిరి? సుమారు 140 మంది పోలీసులు గాయపడిరి. మూడు గంటలు దాటిన పిమ్మట, అనగా అధ్యక్షుడు ఇంకను పొండని చెప్పకమునుపు, డేనియల్ హాడ్జెస్ అను పోలీసువాడు తలుపు సందున నలిగి కేకలు వేసెను. మైకేల్ ఫనోన్ అను మరియొకనిని గుంపులోనికి ఈడ్చి కొట్టిరి, విద్యుత్తు తగిలించిరి, తనకు పిల్లలున్నారని అతడు బతిమాలుకొనెను. కరొలైన్ ఎడ్వర్డ్స్ అను పోలీసు యువతి తాను మనుష్యుల రక్తములో కాలు జారుచుంటినని జూన్ 9న చెప్పినప్పుడు ఆ గది నిశ్శబ్దమాయెను. మూడు గంటల మౌనమునకు లెక్క వ్రాసినయెడల ఈ పేర్లు అందులో వచ్చును.

మాటలాడినవారును వెల చెల్లించిరి. అయితే వారి వెల వారే చెల్లించిరి. అరిజోనా రాష్ట్రపు ప్రతినిధుల సభాపతి రస్టీ బవర్స్ గారు ట్రంప్ గారి పక్షమువాడు, ఆయన కొరకు ప్రచారము చేసినవాడు. తమ రాష్ట్రపు ఫలితమును మార్పించుమని వారు అడుగగా, సాక్ష్యాధారములు చూపుడని ఈయన మరల మరల అడిగెను. వారు చూపలేదు. తాను చేసిన ప్రమాణమునకు విరోధముగా చేయజాలనని ఆయన చెప్పెను. అప్పటినుండి ఆయన యింటి యెదుట గుంపులు చేరి, గొట్టములలో కేకలు వేయసాగిరి. లోపల ఆయన కుమార్తె మరణకరమైన వ్యాధితో పడకమీద నుండెను. ఆమె 2021 జనవరిలో చనిపోయెను. విచారణలో ఈ సంగతి చెప్పునప్పుడు ఆయన గొంతు పూడుకొనెను. ఆ మరుసటి ఆగస్టులో ఆయన స్వపక్షపు ఎన్నికలో ఓడిపోయెను. లిజ్ చేనీ గారును అదే నెలలో ఓడిపోయిరి.

తరువాత జరిగినదియు దాచక చెప్పవలెను. 2021 జనవరి 13న ప్రతినిధుల సభ అధ్యక్షునిమీద అభియోగము మోపెను. ఫిబ్రవరి 13న సెనెటులో 57 మంది దోషియనిరి, 43 మంది కాదనిరి. కావలసినవి 67 గనుక ఆయన విడుదల పొందెను. విచారణ కమిటీ 2022 డిసెంబరులో తన నివేదిక ఇచ్చి, నేరారోపణలు చేయుమని న్యాయశాఖకు సిఫారసు చేసెను. 2023 ఆగస్టులో ఆయనమీద కేసు పెట్టబడెను గాని, 2024 నవంబరులో ప్రజలు ఆయననే మరల ఎన్నుకొనగా ఆ కేసు తీర్పు రాకుండనే కొట్టివేయబడెను. 2025 జనవరి 20న ఆయన పదవి స్వీకరించిన దినముననే, ఆ అల్లరిలో శిక్షపడినవారును కేసులలో నున్నవారును కలిపి సుమారు 1500 మందికి క్షమాభిక్ష యిచ్చెను. కాబట్టి న్యాయస్థానము ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. వోట్లును దీనికి జవాబు కావు. ధర, పని, సరిహద్దు మొదలైన వేయి సంగతులకొరకు జనులు వోటు వేయుదురు. ఊరకుండిన మూడు గంటలు ఎవరి లెక్కలో నున్నవను ప్రశ్న ఉన్నచోటనే యున్నది.

ఇంత వ్రాసి నా సంగతి చెప్పకపోయినయెడల ఈ వ్రాత కపటమగును. కొన్ని యేండ్ల క్రిందట ఒక సంఘములో పెద్దల ఎన్నిక దినమున రెండు పక్షములకు మాటామాట పెరిగెను. ఆ సంఘము పేరు చెప్పను. ఒక పక్షపు యువకులు నామీద గౌరవముగలవారు. నేను పిలిచినయెడల వచ్చెడివారే. నేను ఆ వేళ గురువుగారి యింటి అరుగుమీద కూర్చుండి, వారు వృద్ధుడైన కోశాధికారి చేతిలోని లెక్కల పుస్తకము లాగుకొనుచు ఆయనను మెట్లమీదనుండి త్రోయుట కన్నులార చూచితిని. ఆవరణ దాటి వెళ్లుటకు నలువది అడుగులుండునేమో. నేను చెప్పులు వెదకుకొంటిని. ఒక చెప్పు దొరికినది, రెండవది అరుగు క్రిందికి పోయినది. అది దొరకువరకు ఆగితిని. ఉత్త కాళ్లతో నడువలేని మనిషిని కాను నేను. పొలము పనిలో పెరిగినవాడను. నా పక్షము గెలుచుచున్నదని నా మనస్సులో ఒక మూల తెలియుచుండెను. ఆ మూలను నేను ఎవరికిని చూపలేదు, ఏ కమిటీయు నన్ను విచారించలేదు. కోశాధికారిగారి కుడి చేయి విరిగెను.

జూలై 12నాటి విచారణ ముగిసిన పిమ్మట, జనులు లేచి పోవుచుండగా, స్టీఫెన్ ఐర్స్ తన కుర్చీనుండి లేచి, అక్కడ వినుటకు వచ్చి కూర్చుండిన పోలీసు అధికారుల యొద్దకు నడచి వెళ్లి, తన్ను క్షమించుమని అడిగెను. ఎవరును అతని నడుగుమని చెప్పలేదు. ఆ పోలీసులలో క్షమించితిననినవాడు కలడు. ఆ మాటవలన తనకు ఒరిగినదేమియు లేదనినవాడును కలడు. గాయపడినవారికి ఆ రెండు జవాబులకును హక్కు కలదు.

నేను ఆ కోశాధికారిగారి గుమ్మము తొక్కుటకు పదునొకండు నెలలు పట్టినది. వాకిట నన్ను చూచి ఆయన కొంతసేపు ఏమియు అనలేదు. పిమ్మట కుర్చీని ఎడమ చేతితో లాగి నీడలో వేసెను.